ఫార్ములాలో ఉన్న దూరం ఎవరిది?

సంపాదకులకు నమస్కారం.

మీ చదువు పేజీలో బ్యాంకు పరీక్షలకీ, డీఎస్సీకీ రోజూ ఏదో ఒకటి వేస్తున్నారు. రేడియోగ్రఫీ చదివే పిల్లల కోసం నెలకోసారైనా అర పేజీ ఫిజిక్స్ వెయ్యమని అడగడానికి ఈ ఉత్తరం. బిట్లు మాత్రం వద్దండి. అవి వాళ్ళ ఫోన్లలో కావలసినన్ని ఉన్నాయి.

నేను బరంపురంలో ఒక నర్సింగ్ హోమ్‌లో ముప్పై ఒక్క ఏళ్ళు ఎక్స్‌రేలు తీశాను. డార్క్‌రూమ్‌లో ఫిల్మ్ కడిగే డెవలపర్, హైపో మందుల మధ్య గోళ్ళు రంగు మారిపోయిన తరం మాది. రిటైరయ్యాక సాయంత్రాలు మా అరుగు మీద నలుగురైదుగురు పిల్లలు చేరుతున్నారు. డిప్లమా వాళ్ళు కొందరు, బీఎస్సీ వాళ్ళు కొందరు. ఇంట్లో తెలుగు, బడిలో ఒడియా, పుస్తకం ఇంగ్లీషు. విషయం ఈ మూడిటి మధ్యా ఎక్కడో జారిపోతోంది.

వాళ్ళలో ఒకబ్బాయి రెండో సంవత్సరం. ఇన్వర్స్ స్క్వేర్ లా, అంటే దూరం పెరిగేకొద్దీ కిరణాల జోరు ఎంత తగ్గుతుందో చెప్పే సూత్రం, దాని ప్రశ్నకు నిండా మార్కులు తెచ్చుకున్నాడు. వాడే ఒకరోజు నవ్వుతూ చెప్పాడు: వార్డులో ఒక ముసలాయనకి పోర్టబుల్ మిషన్‌తో ఛాతీ ఎక్స్‌రే తీశారట, వీడు మంచం పక్కనే ఫిల్మ్ ఉండే క్యాసెట్ పట్టుకుని నిలబడ్డాడట, కిరణాలను ఆపే సీసపు ఏప్రాన్ కూడా లేకుండా. "ఒక్క క్షణమే కదా పిన్నీ" అన్నాడు.

నాకు ఒళ్ళు మండింది. "నువ్వు పరీక్షలో రాసిన ఫార్ములాలో డి అంటే ఏంట్రా?"

"దూరం."

"ఎవరి దూరం?"

వాడు నోట్సు తిరగేశాడు. అందులో ఎందుకుంటుంది? కాసేపు ఆగి "నీదేరా" అన్నాను.

ఆ రాత్రే కరెంటు పోయింది, మంచిదే అయింది. ఒక కొవ్వొత్తి వెలిగించి, దానికి అడుగు దూరంలో అంగుళం గడి కోసిన అట్టముక్క పెట్టాను. కొవ్వొత్తికి రెండడుగుల దూరంలో ఉన్న గోడ మీద స్కేలు పెట్టి కొలవమన్నాను. వెలుగు రెండంగుళాల పొడవు, రెండంగుళాల వెడల్పు వచ్చింది. ఒక గడిలోంచి పోయిన వెలుగు నాలుగు గళ్ళు పంచుకుంది. ఒక్కో గడికి నాలుగో వంతే. అంతవరకూ ఆ పిల్లలు, దూరం పోయేకొద్దీ కిరణాలు అలిసిపోతాయనుకుంటున్నారు! అవి అలిసిపోవు, పలచబడతాయి. రోగి ఒంటి నుంచి చెదిరి వచ్చే కిరణాలకూ దాదాపు ఇదే లెక్క. అర మీటరులో నిలబడ్డవాడు రెండు మీటర్లకు జరిగితే ఒంటికి తగిలేది సుమారు పదహారో వంతు. పోర్టబుల్ మిషన్ స్విచ్‌కి అంత పొడుగు వైరు ఇచ్చింది అందుకే. దాన్ని చుట్టచుట్టి హ్యాండిల్‌కి తగిలించేవాళ్ళను ఎంతమందిని చూశానో.

ఎక్స్‌రే ట్యూబుకిచ్చే వోల్టేజీ కేవీ, మిల్లీఆంపియర్ల కరెంటును సెకన్లతో హెచ్చవేస్తే ఎమ్ఏఎస్. వీటి సంగతీ అంతే. వంద మిల్లీఆంపియర్లు 0.2 సెకను ఇస్తే 20 ఎమ్ఏఎస్ అని టకటకా చెబుతారు. లావుపాటి మనిషి నడుము పక్కనుంచి తీసిన ఫిల్మ్ తెల్లగా వస్తే మాత్రం ఎమ్ఏఎస్ పెంచుకుంటూ పోతారు. చింతచెట్టు కింద నిలబడి పై కొమ్మలోని కాయలు కొట్టాలంటే రాళ్ళు ఎన్ని విసిరావన్నది ఎమ్ఏఎస్, ఎంత బలంగా విసిరావన్నది కేవీ. పై కొమ్మ దాకా వెళ్ళని రాళ్ళు వంద విసిరితే ఏం లాభం? 70 కేవీని 80కి పెంచితే ఫిల్మ్ మీద నలుపు దాదాపు ఎమ్ఏఎస్ రెట్టింపు చేసినంత పెరుగుతుంది, కిరణాలు లోపలికీ వెళతాయి. ఎముకకూ కండకూ మధ్య తేడా కొంచెం తగ్గుతుంది, అదీ చెప్పాలి. ఊరికే ఏదీ రాదు.

ఇంకొకటి. మిషన్ స్విచ్ రెండు మెట్లలో ఎందుకు నొక్కాలో అడిగితే "సీనియర్లు అలాగే నొక్కుతారు" అన్నారు. మొదటి మెట్టులో ట్యూబులోని ఫిలమెంట్ తీగ కాగుతుంది, ఎక్స్‌రేలు పుట్టే యానోడ్ చక్రం తిరగడం మొదలవుతుంది. గుయ్‌మనే ఆ చప్పుడు అదే. ట్యూబులోకి వెళ్ళే శక్తిలో నూటికి తొంభై తొమ్మిది పాళ్ళు వేడిగానే పోతుంది, ఎక్స్‌రే అయ్యేది ఒక్క పాలే. ఆ చక్రం మీది టంగ్‌స్టన్ లోహం 3,400 డిగ్రీల దాకా కరగదు గానీ, వేడంతా ఒకే చోట పడితే అదీ గుంటలు పడుతుంది. అందుకే చక్రం తిప్పడం.

ఎక్స్‌పోజరయ్యాక గదిలో కిరణాలు నిలిచి ఉంటాయని, తలుపు తీసి కాసేపు గాలి ఆడనివ్వాలని నమ్మే విద్యార్థిని కూడా ఒకామె ఉంది. బల్బు ఆర్పాక గదిలో వెలుతురు మిగులుతుందా తల్లీ అంటే సిగ్గుపడింది. ఆ అమ్మాయి తప్పు కాదు, ఎవరూ చెప్పలేదు.

అతి ధైర్యం ఒక పక్క, అతి భయం ఒక పక్క. భయపడేవాళ్ళకి నేను ఛత్రపురం చూపిస్తాను. మా పక్కనే, అందరూ ఎరిగిన ఊరు. అక్కడి సముద్రపు ఇసుకలో మోనజైట్ అనే ఖనిజం ఉంది, అందులో రేడియేషన్ వెదజల్లే థోరియం ఉంది, కాబట్టి ఆ తీరంలో సహజ రేడియేషన్ మామూలు చోట్ల కంటే ఎక్కువ. భూమ్మీద మనిషికి ప్రకృతి నుంచి ఏటా సగటున 2.4 మిల్లీసీవర్ట్‌లు (ఒంటికి తగిలే రేడియేషన్‌కి కొలత అది) ఎలాగూ అందుతాయి. మన దేశంలో ఈ పని చేసేవాళ్ళకు అణుశక్తి నియంత్రణ మండలి పెట్టిన హద్దు ఐదేళ్ళ సగటున ఏడాదికి 20, ఏ ఒక్క ఏడాదిలోనూ 30 దాటకూడదు. ఈ అంకెలు పక్కపక్కన పెట్టి చూపిస్తే టెన్షన్ తగ్గుతుంది. ఒంటికి తగిలిన రేడియేషన్ కొలిచే బ్యాడ్జి ఎందుకు పెట్టుకోవాలో కూడా అప్పుడే తెలుస్తుంది. లేకపోతే దాన్ని ఎక్స్‌రే గది గోడ మేకుకే తగిలించి ఇంటికి పోతారు. మూడు నెలల తర్వాత వచ్చే రిపోర్టు మేకుది, మనిషిది కాదు.

మీరు వేస్తే ఇలాంటివి వెయ్యండి. రాంట్‌జన్ ఎప్పుడు కనిపెట్టాడన్న దగ్గర మొదలుపెట్టకండి. 1895 అని వాళ్ళకి నేనెప్పుడో చెప్పేశాను, మా ఊళ్ళో వి.వి.గిరి గారు పుట్టిన మరుసటి ఏడాది అని.

నా దగ్గరకొచ్చే పిల్లల్లో ఇద్దరు తెలుగు చక్కగా మాట్లాడతారు గానీ చదవడం రాదు. వాళ్ళకి నేను చదివి వినిపిస్తాను. మీ పేపరు మాకు ఇచ్ఛాపురం బస్సులో వస్తుంది, ఆదివారాలు పది దాటుతుంది. ఆదివారం కాకుండా వేరే రోజు వేస్తే మేలు.

ఒక రిటైర్డ్ ఎక్స్‌రే టెక్నీషియన్,
బరంపురం, గంజాం జిల్లా, ఒడిశా