సెఫారీన్ చౌకులో సుత్తుల చప్పుడు

ఫెస్, మొరాకో

ప్రియమైన రమణకు,

జవాబు ఇంత ఆలస్యమైనందుకు క్షమించు. కాసాబ్లాంకాలో ఆఫీసు పని ముగిసింది, నా ఆరోగ్యం బాగుంది, అమ్మ మోకాలి నొప్పి తగ్గిందట. తక్కినవి ఇంటికి వచ్చాక చెబుతాను. ఇక్కడి పాత నగరంలో కంచరివాళ్ల చౌకు ఒకటి చూశాను; ఆ సంగతి నీకు చెప్పేదాకా నాకు మనసు నిలవదు.

బాబ్ బూ జెలూద్ ద్వారం దాటి దిగువకు నడిస్తే వీధులు క్రమంగా ఇరుకవుతాయి. మోటారు బండ్లు లోపలికి రావు కనుక సరుకంతా గాడిదల మీదా కంచరగాడిదల మీదా వస్తుంది. వెనుకనుంచి "బాలక్, బాలక్" అన్న కేక వినబడగానే గోడవారకు తప్పుకోవాలి. అత్తారీన్ బజారులో మసాలా దినుసుల రాశులు చూశాను, షువారాలో తోళ్లు పదునుచేసే తొట్లు చూశాను. వాటి గురించి అందరూ రాస్తారు, నేను వదిలేస్తున్నాను.

చౌకు కనబడకముందే చప్పుడు వినబడింది. సెఫారీన్ అనే ఆ చోట ఒక చెట్టు, చుట్టూ దుకాణాలు, వాటి ముందు పెళ్లిళ్లకు అద్దెకిచ్చే పెద్ద పెద్ద రాగి కాగులు. ఒక ముసలాయన కాగును కాళ్ల మధ్య ఒడిసిపట్టి అంచు కొడుతున్నాడు. కొట్టేకొద్దీ రాగి బిరుసెక్కుతుంది కదా, ఆయన చేయి ఆపి, కాగు మీద వేలితో మీటి, చెవి ఒగ్గి విని, దాన్ని కాల్చి మళ్లీ మెత్తబరచడానికి కొలిమి దగ్గరికి పంపించాడు. రమణా, అచ్చం అజ్జరంలో మీ తాతగారు చేసినట్టే! మూడో గిన్నె సంగతి నాకు అప్పుడే గుర్తొచ్చింది. ఇంతకన్నా రాయనక్కరలేదు, నీకు తెలుసు.

ఆ చౌకులోనే ఖరవియ్యీన్ గ్రంథాలయపు తలుపు ఉంది. 859లో ఫాతిమా అల్ ఫిహ్రీ అనే ఆవిడ కట్టించిందని చెప్పే మసీదు, విద్యాలయాలకు చెందినది అది. చదువుకునేవాళ్లకు అడ్డమని ఈ సుత్తులను ఎవరూ ఊరి బయటకు తరమలేదు. అది చూసి నాకు ఎంత సంతోషం కలిగిందో, మీ తాతగారి కొలిమి చల్లారిపోయిన సంగతి తలచుకుని అంత దిగులూ కలిగింది. స్టీలు గిన్నెలు వచ్చాయని మనవాళ్లు ఆ విద్యను అంత తేలికగా వదులుకోవలసింది కాదు. ఆ పనిముట్లు ఇంకా మీ అటక మీదే ఉంటే, మనమిద్దరం కలిసి... సరే, అది ఎదురుగా కూర్చుని మాట్లాడుకోవలసిన విషయం.

నీకోసం ఒక చిన్న రాగి గిన్నె కొన్నాను. పులుపు వండుకోవడానికి పనికివచ్చేలా లోపల కళాయి కూడా పూయించాను. ఆ కుర్రవాడు గిన్నెను ఎంత వేడి చేశాడో, తగరాన్ని దేనితో రుద్దాడో వివరంగా రాద్దామనుకున్నాను గాని, మెక్నెస్ రైలుకు వేళైంది, కింద బండివాడు పిలుస్తున్నాడు. అక్కడికి చేరగానే మిగతాది రాస్తాను.

నీ
శ్రీనివాసు