పదివేల అడుగుల భయం

సంపాదకుడు గారికి,

నమస్కారం. వ్యాయామం గురించి మీ పత్రికలో వచ్చే వ్యాసాలను ఏళ్ల తరబడి చదువుతున్నాను. చదివిన ప్రతిసారీ బుద్ధిగా తల ఊపి, పేజీ తిప్పి, కుర్చీలోనే ఉండిపోయేవాణ్ని. తెల్లవారకముందే లేవాలి, గంట కసరత్తు చేయాలి, పదివేల అడుగులు నడవాలి అని అన్నీ ఒకేసారి ముందు పెడితే, కదలని మనిషి ఇంకాస్త గట్టిగా కూర్చుంటాడు.

అసలు ఆ పదివేలు వైద్యశాస్త్రం గీసిన గీత కాదు. 1965లో జపాన్‌లో అడుగులు లెక్కపెట్టే పరికరం ఒకటి అమ్మకానికి వచ్చింది. దాని పేరుకు అర్థమే ‘పదివేల అడుగుల మీటరు’. సరుకు అమ్ముకోవడానికి పెట్టిన పేరు అరవై ఏళ్లుగా మన నెత్తిన కూర్చుంది.

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో ఇచ్చిన సూచనలు ఇంతకంటే దయగలవి. పెద్దలకు వారానికి 150 నుంచి 300 నిమిషాల ఓ మోస్తరు శ్రమ, రెండు రోజులైనా కండరాలకు బలమిచ్చే పని ఉండాలన్నది సారాంశం. శ్రమ సంగతి లెక్కవేస్తే రోజుకు సుమారు 22 నిమిషాలతో సరిపోతుంది. ఏకబిగిన పది నిమిషాలైనా చేస్తేనే లెక్క అన్న పాత నియమాన్ని కూడా అప్పుడే తీసేశారు. మూడు నిమిషాలు మెట్లెక్కినా అది లెక్కే. ఈ సంగతి ఎంతమందికి తెలుసు?

1953లో లండన్ బస్సు సిబ్బందిపై ఒక పరిశోధన వెలువడింది. రోజంతా సీట్లో ఉండే డ్రైవర్ల కంటే, రెండంతస్తుల బస్సుల్లో మెట్లెక్కి దిగే కండక్టర్లకు గుండె జబ్బులు తక్కువని తేలింది. డ్రైవర్ల నడుము కొలతలు మొదటినుంచీ ఎక్కువేనని తర్వాత బయటపడింది, అది వేరే సంగతి. అయినా కదిలేవారి గుండెకే మేలని తర్వాతి పరిశోధనలూ చెప్పాయి. ఆ కండక్టర్లు టికెట్లు కొట్టారు తప్ప వ్యాయామం చేస్తున్నామని ఎన్నడూ అనుకుని ఉండరు!

నేను మొదలుపెట్టింది రాత్రి భోజనం తర్వాత పది నిమిషాల నడకతో. పనిచేసే కండరం ఇన్సులిన్ సాయం లేకుండానే రక్తంలోని చక్కెరను తీసుకుంటుందని చదివాక తిన్న వెంటనే పడుకోబుద్ధి కాలేదు. వేగానికి కొలత సులభం: నడుస్తూ మాట్లాడగలగాలి, పాట పాడలేకపోవాలి. (నా పాట విననక్కర్లేదని ఇంట్లోవాళ్లు సంతోషించారు.) వారానికి రెండు నిమిషాలు పెంచాను. చేతులు ఆనించకుండా కుర్చీలోంచి పదిసార్లు లేచి కూర్చోవడం తర్వాత చేర్చాను. మధ్యలో మానేసిన రోజులున్నాయి. మర్నాడు మళ్లీ నడిచాను. గుండె జబ్బు ఉన్నవారు, నడిస్తే ఛాతీలో నొప్పి వచ్చేవారు మాత్రం ముందు వైద్యుణ్ని కలవాలి.

అయితే నడవమని చెప్పేవారు నడిచే చోటు కూడా చూపించాలి కదా. ఫుట్‌పాత్ మీద బండ్లు నిలిపి ఉంటాయి. పెద్ద భవనాల్లో లిఫ్టు దగ్గర వెలుగే వెలుగు, మెట్ల దగ్గర బల్బు ఉండదు. 5 నుంచి 17 ఏళ్ల పిల్లలకు రోజుకు సగటున గంట కదలిక కావాలని అదే సంస్థ చెబుతుంటే, పరీక్షలు దగ్గరపడగానే బడిలో ఆటల పీరియడ్ లెక్కల మాస్టారి సొంతమవుతుంది. వీటి గురించి మీరు సంపాదకీయాలు రాయాలి.

ఈలోగా ఒక చిన్న కోరిక. ఈసారి ఆరోగ్యం పేజీలో కండలు తిరిగిన యువకుడి ఫోటో బదులు, ఎన్నడూ కదలనివారి కోసం మొదటి నాలుగు వారాల పట్టిక ఒకటి వేయండి. మొదటి రోజు గడిలో పది నిమిషాలకు మించి రాయకండి.

ఇట్లు,
ఆలస్యంగా లేచిన ఒక పాఠకుడు