బంగారం ధర పక్కన పోటు, పాటు వేళలు కూడా వేయండి

సంపాదకులకు నమస్కారం.

మీ విశాఖ ఎడిషన్‌లో రోజూ బంగారం, వెండి ధరలు వేస్తున్నారు. సూర్యోదయం, సూర్యాస్తమయం, రాహుకాలం వేస్తున్నారు. సముద్రానికి పోటు (నీరు ఒడ్డు మీదికి ఎక్కడం) ఎన్నింటికో, పాటు (నీరు వెనక్కి తగ్గడం) ఎన్నింటికో మాత్రం వేయడం లేదు. ఆర్కే బీచ్ నుంచి లాసన్స్ బే, సాగర్‌నగర్, రుషికొండ మీదుగా భీమిలి దాకా చిన్నపిల్లలున్న ఏ ఇంట్లో చూసినా సాయంత్రమయ్యేసరికి ఒకటే గోల, బీచ్‌కి వెళ్దామని. వెళ్లొచ్చో లేదో తేల్చుకోవడానికి పనికొచ్చే ముక్క పత్రికలో ఎక్కడా ఉండదు. ఎవరైనా కొట్టుకుపోయిన మర్నాడు మాత్రం ఫొటోతో సహా వార్త వస్తుంది, చివర్లో ‘సముద్రంలో దిగవద్దని అధికారులు హెచ్చరించారు’ అని ఉంటుంది. ఒక్కరోజు చూసిపోయే పర్యాటకులకు ఆ మాట సరిపోతుందేమో. ఒడ్డునే కాపురం ఉంటూ, పిల్లల్ని ఇసుక దాకా రానిచ్చి నీళ్ల దాకా పోనివ్వకుండా ఏళ్ల తరబడి ఆపడం ఎవరి తరమూ కాదు. వాళ్లకు కావలసింది ఎప్పుడు, ఎక్కడ, ఎంతవరకు అన్నది.

విశాఖలో రోజుకు రెండు పోట్లు, రెండు పాట్లు. ఒకదానికీ ఇంకోదానికీ మధ్య ఆరు గంటల పైచిలుకు. ఆ వేళ రోజుకు సుమారు 50 నిమిషాల చొప్పున ఆలస్యమవుతూ పోతుంది. అంటే ఈ ఆదివారం సాయంత్రం అయిదింటికి నీరు బాగా వెనక్కి ఉంటే, వచ్చే ఆదివారం అదే వేళకు పోటు మీద ఉంటుంది. ‘పోయిన వారం ఇక్కడే కదా ఆడుకున్నారు’ అన్న ధైర్యం పనికిరానిది అందుకే. అమావాస్య, పౌర్ణమి దాటిన ఒకటి రెండు రోజుల్లో పోటుకూ పాటుకూ తేడా ఒకటిన్నర మీటరుకు కాస్త తక్కువ. అష్టమి దాటాక అందులో సగం కూడా ఉండదు. పెద్దవాళ్ల మోకాలి లోతు నీరు మూడేళ్ల పిల్లకు నడుం దాకా వస్తుంది. ఆ లెక్కన చూస్తే ఈ తేడా చిన్నది కాదు.

ఆర్కే బీచ్‌తో చిక్కు ఒడ్డు వాలుతో వస్తుంది. వాలు ఎక్కువ కాబట్టి పోటు వేళ కెరటం దూరంగా విరిగి మెల్లగా రాదు, ఒడ్డు మీదే ధబీమని పడుతుంది. పడ్డ నీరు అంతే జోరుగా వెనక్కి జారుతూ మడమల కింది ఇసుకను తోడేస్తుంది. పెద్దవాళ్లే తూలుతారు. పిల్లను కూర్చోబెట్టేస్తుంది, వెనకే వచ్చే కెరటం ముఖం మీద పడుతుంది. సముద్రానికి వీపు పెట్టి ఫొటో దిగే కుటుంబాలకు జరిగేది ఇదే. కెరటాలు గుంపులుగా వస్తాయి: నాలుగైదు చిన్నవి, తర్వాత రెండు మూడు పెద్దవి. వెళ్లగానే దిగకుండా పది నిమిషాలు నిలబడి చూస్తే, పెద్ద కెరటం ఇసుక మీద ఎక్కడిదాకా తడిపిందో తెలుస్తుంది. పిల్లల ఆట ఆ తడి గీతకు ఇవతలే. నీళ్లలోకి తీసుకెళ్తే ఒక్కో పిల్లకు ఒక్కో పెద్ద మనిషి, చెయ్యి చాస్తే అందేంత దగ్గరలో ఉండాలి. ఇద్దరు పిల్లల్ని చెరో చేత్తో పట్టుకున్న తల్లికి తను పడితే ఆనుకోవడానికి చెయ్యి మిగలదు.

లోతు కూడా నెలనెలా మారుతుంది. ఔటర్ హార్బర్ గోడ దక్షిణం నుంచి వచ్చే ఇసుకను ఆపేస్తుంది. అందుకే పోర్టువాళ్లు డ్రెడ్జర్‌తో తవ్విన ఇసుకను తెచ్చి ఆర్కే బీచ్ వైపు పోస్తుంటారు. నైరుతి గాలుల కాలంలో ఇసుక ఉత్తరానికి, ఈశాన్య గాలుల కాలంలో దక్షిణానికి జరుగుతుంది. వేసవిలో చదునుగా ఉన్న చోట వానాకాలం వెళ్లేసరికి మెట్టులా కోసుకుపోయి ఉండొచ్చు.

ఇక రిప్ కరెంట్. కెరటాలు ఒడ్డున పోసిన నీరు తిరిగి పోవడానికి ఇసుక దిబ్బల మధ్య ఒక సందు వెతుక్కుంటుంది. ఆ సందులో కెరటం విరగదు, నురగ తక్కువ, నీరు ముదురు రంగులో నిమ్మళంగా కనిపిస్తుంది. పిల్లలకు ఇదే మంచి చోటని పెద్దలు ఏరికోరి దిగేది సరిగ్గా అక్కడే. అది మనిషిని కిందికి ముంచదు, లోపలికి లాక్కుపోతుంది. ఎదురీదితే దమ్ము అయిపోతుంది. ఒడ్డుకు సమాంతరంగా పక్కకు ఈది, కెరటాలు విరుగుతున్న చోటు నుంచి బయటికి రావాలి. ఈత రానివాళ్లు వెల్లకిలా తేలుతూ చెయ్యెత్తి పిలవాలి. ఒకరి కోసం దిగి ఇంకొకరు పోయారన్న వార్తల వెనక తరచూ ఉండేది ఇదే. ఈత రాని తండ్రి దిగకూడదు, తేలేది ఏదైనా విసరాలి. మూత బిగించిన ఖాళీ నీళ్ల క్యాను చాలు. భీమిలిలో గోస్తనీ నది సముద్రంలో కలిసే చోట పాటు వేళ నది నీరు, సముద్రపు నీరు కలిసి బయటికి లాగుతాయి. అక్కడ నీరు ఎంత పల్చగా కనిపించినా పిల్లల్ని దించే చోటు కాదు.

గాలి ట్యూబుల గురించి ఒక మాట. పొద్దున్నే గాలి నేల మీది నుంచి సముద్రం వైపు వీస్తుంది, మధ్యాహ్నానికి దిశ మారుతుంది. ట్యూబులో కూర్చోబెట్టిన పిల్లను పొద్దుటి గాలి లోపలికి తోసుకుపోతుంది. ట్యూబు తేలుతుంది కదా అన్న భరోసాతో పెద్దవాళ్లు రెండడుగులు వెనక్కి తగ్గుతారు, అసలు ప్రమాదం అదే.

పత్రికలో కెరటం ఎత్తు ఒక్కటే వేస్తే చాలదు, కెరటానికీ కెరటానికీ మధ్య ఎన్ని సెకన్లో కూడా వేయాలి. ఏడెనిమిది సెకన్లకొకటి వచ్చే మీటరు కెరటం వేరు, పదిహేను పదహారు సెకన్లకొకటి వచ్చే మీటరు కెరటం వేరు. రెండోది ఎక్కడో దక్షిణ హిందూ మహాసముద్రంలో పుట్టి వేల కిలోమీటర్లు వచ్చింది. ఇక్కడ ఎండ కాస్తూ, గాలి లేకుండా ఉన్నా అది ఒడ్డు మీద చాలా పైకి ఎక్కుతుంది. పిల్లలు పొడి ఇసుకలో ఆడుతున్నా చెప్పులతో సహా ఊడ్చుకుపోతుంది. ఈ హెచ్చరికలు ఇచ్చే కేంద్ర ప్రభుత్వ సముద్ర సమాచార సంస్థ ఇన్‌కాయిస్ ఉన్నది హైదరాబాద్‌లోనే. పోటు, పాటు వేళలను సర్వే ఆఫ్ ఇండియా ఏటా ముందుగానే అచ్చు వేస్తుంది, అందులో విశాఖపట్నం ఉంది. మీ విలేకరి కొత్తగా సేకరించాల్సింది ఏమీ లేదు.

ఈ వేళలు భయపెట్టడానికే కాదు. తెన్నేటి పార్కు కింద రాళ్ల మధ్య గుంటల్లో చిన్న చేపలు, పీతలు, నత్తలు పిల్లలు చూసి తీరాల్సినవి. పాటుకు గంట ముందు వెళ్లి, నీరు తిరగగానే బయల్దేరాలి. పాచి పట్టిన రాయి జారుతుంది కాబట్టి హవాయి చెప్పులు వద్దు, వెనక పట్టీ ఉన్నవి వేయండి. ఒడ్డున పడి ఉన్న జెల్లీ చేపను ముట్టనివ్వొద్దు, చచ్చినా కుడుతుంది. కుడితే ఇసుకతో రుద్దకూడదు, మంచినీళ్లు పోయకూడదు. సముద్రపు నీటితోనే కడిగి, అంటుకున్న పోగుల్ని చేత్తో కాకుండా చిన్న పట్టకారుతో (ట్వీజర్) తీసేయాలి.

నీట మునిగిన పిల్లను బయటికి తేగానే తలకిందులు చేయడం, కడుపు నొక్కడం మన దగ్గర ఇంకా పోలేదు. దానివల్ల కడుపులోది గొంతులోకి వచ్చి ఊపిరితిత్తుల్లోకి పోతుంది. ఊపిరి లేకపోతే వెల్లకిలా పడుకోబెట్టి, ముందు నోటితో అయిదుసార్లు ఊపిరి ఊది, అప్పటికీ కదలిక లేకపోతే 30 సార్లు ఛాతీ నొక్కి రెండుసార్లు ఊదడం మొదలుపెట్టాలి. ఇంకొకరు 108కి ఫోన్ చేయాలి. తేరుకున్న పిల్ల దగ్గుతూ, ఆయాసపడుతూ ఉంటే ఇంటికి కాదు, ఆసుపత్రికే తీసుకెళ్లాలి.

ఒడ్డున ఉండే ఇళ్లలో బాల్కనీ గ్రిల్లు మీద కూడా మీరు వారానికోసారి రాయొచ్చు. ఉప్పు గాలికి తుప్పు ముందు పట్టేది ఊచ మధ్యలో కాదు, సిమెంటులోకి దిగే మొదట్లో, రంగు చాటున. పైకి కొత్తదానిలా మెరుస్తూనే ఉంటుంది. స్క్రూడ్రైవర్‌తో మొదట్లో గట్టిగా పొడిస్తే పొరలు ఊడాయంటే ఆ ఊచ పిల్ల బరువు ఆపదు. రంగు మీద రంగు వేయడం దండగ, గీకి ప్రైమర్ కొట్టాలి. స్టీలు పెట్టించేవాళ్లు 304 రకం కాక 316 అడిగితే సముద్రపు గాలికి మేలు. ఊయల కొక్కేన్ని కూడా ఇలాగే చూసుకోవాలి.

బీచ్ నుంచి వచ్చిన పిల్లలకు రెండు మగ్గుల మంచినీళ్లు గజ్జల్లో, మెడ మడతల్లో పోసి తుడిస్తే చాలు. తడి నిక్కరుతో ఆటోలో గంట కూర్చుంటే ఒరుసుకుని పుండ్లవుతాయి. దాని మీద పౌడరు చల్లితే ఉండలు కట్టి ఇంకా ఒరుస్తుంది. ఆర్కే బీచ్‌లో ఇంతమంది పిల్లలకు సరిపడా మంచినీటి కుళాయిలు లేకపోవడం మీద కూడా ఒక వార్త రాయండి. ఎండకు వాంతులు, విరేచనాలు పట్టుకుంటే ఓఆర్ఎస్ కలపడంలో తరచూ జరిగే పొరపాటు ఒకటుంది: లీటరు నీళ్లకు ఉద్దేశించిన పెద్ద ప్యాకెట్‌ను గ్లాసు నీళ్లలో పోయడం. ఉప్పు ఎక్కువై పిల్లకు మరింత హాని. 200 మిల్లీలీటర్ల చిన్న ప్యాకెట్లు వేరే దొరుకుతాయి.

మేం అడిగేది బంగారం ధర కింద నాలుగు పంక్తులు: రెండు పోట్ల వేళలు, రెండు పాట్ల వేళలు, కెరటం ఎత్తు–సెకన్లు, గాలి దిశ. ఇన్‌కాయిస్ హెచ్చరిక ఉన్న రోజు దాన్ని ఎర్ర అక్షరాల్లో వేయండి. కాకినాడ, మచిలీపట్నం, బాపట్ల ఎడిషన్లలోనూ మొదలుపెడితే ఉప్పాడ, మంగినపూడి, సూర్యలంక ఒడ్డు కుటుంబాలకూ పనికొస్తుంది. కాకపోతే విశాఖ వేళలనే అన్నిచోట్లా అచ్చు వేయొద్దు, ఏ రేవు లెక్క ఆ రేవుదే.

ఇట్లు,
చిన్నపిల్లల తల్లిదండ్రుల తరఫున,
లాసన్స్ బే కాలనీ వాసి,
విశాఖపట్నం