మొక్కజొన్న పిండితో చేసిన సంచులపై ఐదు నెలలుగా జవాబు రాని ఫిర్యాదు

తిరుపతి,
జూన్ 10.

కస్టమర్ సేవల విభాగాధిపతి గారికి,

విషయం: సంక్రాంతికి ముందు మీరు పంపిన, కంపోస్టు (ఎరువు) అయ్యే సంచుల పెట్టె, దానిపై మీ సిబ్బంది చూపిన నిర్లక్ష్యం గురించి.

అయ్యా,

గాంధీ రోడ్డులో మా మామగారి కాలం నుంచి నడుస్తున్న మిఠాయి అంగడి మాది. 2021 ఆగస్టులో తిరుమలలో లడ్డూల కోసం రక్షణ పరిశోధన సంస్థ డీఆర్డీవో రూపొందించిన, మొక్కజొన్న పిండితో చేసిన సంచులను ప్రవేశపెట్టినప్పుడే, మా అంగట్లో కూడా అటువంటివే వాడాలని అనుకున్నాను. 2022 డిసెంబరు 31 నుంచి 120 మైక్రాన్ల కన్నా పలుచని ప్లాస్టిక్ సంచులను నిషేధించినప్పుడు, కంపోస్టు అయ్యే సంచులకు ఆ నిబంధన వర్తించదని తెలుసుకుని, ధర రెట్టింపైనా మీ దగ్గరే తెప్పించుకుంటున్నాను. ఇన్నేళ్లలో ఒక్క బిల్లు కూడా ఆలస్యం చేయలేదు.

ఈసారి వచ్చిన సంచులు అర కిలో మైసూరుపాకుకే పిడి దగ్గర చిరిగిపోయాయి. సరుకన్నాక ఒక్కోసారి తేడా వస్తుంది, దానికి నేను ఇంత బాధపడను. బాధంతా ఆ తరువాత జరిగినదాని గురించే.

మొదటిసారి ఫోన్ చేసినప్పుడు ఒక అమ్మాయి ఫిర్యాదు సంఖ్య ఇచ్చి, రెండు రోజుల్లో మాట్లాడతారని చెప్పింది. వారం చూసి మళ్లీ చేస్తే, ఆ సంఖ్య మీద ఫిర్యాదే లేదన్నారు. మూడోసారి మాట్లాడినతను ఫొటోలు వాట్సాప్‌లో పంపమన్నాడు. పదకొండు పంపాను, అన్నింటికీ నీలి గీతలు పడ్డాయి గాని జవాబు రాలేదు. తరువాత డిస్ట్రిబ్యూటరును అడగమన్నారు, ఆయన కంపెనీనే అడగమన్నారు. చివరిగా మాట్లాడినతను, సంచులను ఎండలో పెట్టి ఉంటారని తప్పు నా మీదే వేసి, నేను మాట్లాడుతుండగానే ఫోన్ పెట్టేశాడు. అంగట్లో జనం నిలబడి ఉండగా నలభై నిమిషాలు చెవి దగ్గర పాట వింటూ నిలుచున్న రోజులు కూడా ఉన్నాయి.

నేను అడిగినవి రెండే ప్రశ్నలు. కంపోస్టు సంచులపై తయారీదారు పేరు, కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి ధ్రువపత్రం సంఖ్య ఉండాలన్నది నిబంధన. ఈ పెట్టెలోని సంచులపై ఆ సంఖ్య చదవలేనంతగా చెరిగిపోయింది కనుక ధ్రువపత్రం నకలు అడిగాను. రెండోది, ఇవి మట్టిలో ఎన్నాళ్లకు కలుస్తాయని. జనవరిలో పెరట్లో తులసి కుండీ పక్కన ఒక సంచిని పాతి, మే నెలలో తీశాను. లాగితే ఇంకా సాగుతోంది, దాని మీది పచ్చని ఆకు బొమ్మ చెక్కుచెదరలేదు. కంపోస్టు అయ్యే ప్లాస్టిక్‌కు వర్తించే ఐఎస్ఓ 17088 అనే అంతర్జాతీయ ప్రమాణం ప్రకారం పరీక్ష దాదాపు 58 డిగ్రీల వేడి దగ్గర జరుగుతుందని, ఇంటి మట్టిలో అంత వేడి ఉండదని తరువాత నేనే చదివి తెలుసుకున్నాను. ఆ మాట మీ సిబ్బందిలో ఒక్కరు చెప్పినా నేను అర్థం చేసుకునేదాన్ని. నేను మాత్రం మీ మాట నమ్మి, కొన్నవారందరికీ "మట్టిలో వేస్తే కలిసిపోతుందమ్మా" అని ఇన్నాళ్లూ చెప్పాను. ఇప్పుడు వారికి ఏమని చెప్పాలి?

ఈ అంగడే మా కుటుంబానికి జీవనాధారం. పదిహేను రోజుల్లో ధ్రువపత్రం నకలు, సంచులకు బదులు సరుకు, నా ప్రశ్నకు సంతకంతో కూడిన జవాబు రాకపోతే, జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేసి, జిల్లా వినియోగదారుల కమిషన్‌లో కేసు వేస్తాను. మాకు తెలిసిన అంగళ్ల వారందరికీ ఈ సంగతి చెబుతాను. దయచేసి మళ్లీ ఫోన్ చేయించవద్దు, కాగితం మీదే రాయండి.

కుండీలోంచి తీసిన సంచిని కడగకుండా, మట్టితోనే ఈ లేఖకు జత చేస్తున్నాను.

ఇట్లు,
మీ ఖాతాదారు,
మిఠాయి అంగడి యజమానురాలు