పాపాఘ్ని చేపలనూ పరీక్షించాలి

సంపాదకుల వారికి,

తుమ్మలపల్లె యురేనియం గని వ్యర్థాల చెరువు దాపున ఉన్న ఊళ్లలో బోరునీళ్లు పాడయ్యాయని, అరటి తోటలు దెబ్బతిన్నాయని రైతులు మొరపెట్టుకోవడం పత్రికల్లో ఏళ్లుగా చదువుతున్నాం. ఆ వైపు వాగులు కలిసే పాపాఘ్ని ఏటి చేపల ఊసు మాత్రం ఎక్కడా లేదు. వేంపల్లెలో పాపాఘ్ని చేపలు అమ్మేవారిని ‘గని వైపువి కావు కదా?’ అని అడిగి వెనుదిరిగే కొనుగోలుదారులు కనిపిస్తున్నారు. ఆ అనుమానం తీర్చడానికి గానీ, నిజమేనని ఒప్పుకోవడానికి గానీ ఆ అమ్మే మనిషి చేతిలో ఒక్క కాగితమూ లేదు.

అమెరికాలో కనెటికట్ నది ఒడ్డున ఉన్న వెర్మాంట్ యాంకీ అణు విద్యుత్ కేంద్రంలో 2010లో ట్రిటియం అనే రేడియోధార్మిక పదార్థం లీకు బయటపడ్డ తర్వాత, ఆ నదిలో పట్టిన ఒక చేప కండలో స్ట్రాన్షియం-90 అనే మరో రేడియోధార్మిక పదార్థం కనిపించిందని మరుసటి ఏడాది ప్రకటించారు. జనం సహజంగానే కేంద్రాన్ని తప్పుపట్టారు. అయితే ఆ చేప దొరికింది కేంద్రానికి దాదాపు తొమ్మిది మైళ్ల ఎగువన. పాత అణుబాంబు పరీక్షల వల్ల, 1986 నాటి చెర్నోబిల్ ప్రమాదం వల్ల స్ట్రాన్షియం లోకమంతటా నేలలోకీ నీటిలోకీ చేరి ఉన్నందున, ఈ ఒక్క చేపను బట్టి కేంద్రానిదే దోషమని చెప్పలేమని అక్కడి ఆరోగ్య శాఖ వివరించింది. ఆ వివరణను ఒప్పుకున్నా ఒప్పుకోకపోయినా, ఎగువ చేపనూ పరీక్షించారు కాబట్టే వాదనకు ఒక ఆధారం దొరికింది. రష్యాలో మాయక్ కర్మాగారం 1949 నుంచి 1956 దాకా తేచా నదిలోకి వ్యర్థాలు వదిలినప్పుడు ఒడ్డున ఉన్న పల్లెలకు ఆ పాటి సమాచారమైనా అందలేదు.

మన దగ్గర కొలవవలసినవి వేరు. స్ట్రాన్షియం-90, సీజియం-137 వంటివి అణు రియాక్టరులోనో బాంబు పేలుడులోనో పుట్టేవి. గనిలో ముడి ఖనిజం నుంచి యురేనియం తీసేశాక మిగిలే బురదలో ఉండే రేడియోధార్మిక పదార్థాలు రేడియం-226, సీసం-210, పొలోనియం-210, కొంత యురేనియం. రేడియం సగానికి తగ్గడానికే సుమారు 1600 ఏళ్లు పడుతుంది. అది రసాయనికంగా కాల్షియం లాంటిది కావడంతో కండలో కన్నా ఎముకలో పేరుకుంటుంది. పెద్ద కొరమీను నుంచి ఒక కండ ముక్క కోసి పరీక్షించి ‘ప్రమాదమేమీ లేదు’ అంటే సరిపోదని అనేది ఇందుకే. మన ఇళ్లలో చిన్న పరిగెల పొట్ట నొక్కి పేగులు తీసేసి, ఉప్పువేసి రుద్ది కడిగి, పులుసు పెట్టి, సంగటిలోకి ముల్లుతో సహా నమిలి తింటాం. పరీక్షా అలాగే, వండుకునే తీరులోనే, చేప మొత్తానికి జరగాలి.

ఎగువన గండి దగ్గర ఒకచోట, గని వైపు వాగులు కలిసే తావులకు దిగువన కమలాపురం దాకా రెండు మూడు చోట్ల, చేపలతో పాటు అడుగు మట్టినీ సేకరించాలి. ఎండాకాలంలో ఏరు మడుగులుగా మిగిలినప్పుడు ఒకసారి, వానల తర్వాత ఒకసారి తీస్తేనే తేడా తెలుస్తుంది. 2021 నవంబరులో కమలాపురం వంతెననే కూల్చిన ఏరు ఇది. దాని అడుగు మట్టి ఏటా ఒకేచోట ఉంటుందనుకోలేం. గనీ, అణు స్థావరాల దగ్గర ఇటువంటి కొలతలు తీసే ప్రయోగశాలలూ రెండూ కేంద్ర అణుశక్తి శాఖ కిందివే కాబట్టి, అదే నమూనాలో సగాన్ని ఆ శాఖతో సంబంధం లేని విశ్వవిద్యాలయానికి కూడా పంపాలి. ఫలితాన్ని ‘పరిమితికి లోబడి ఉంది’ అనే ఒక్క ముక్కతో సరిపెట్టకుండా, కిలోకు ఎన్ని బెక్వెరెళ్లో (రేడియోధార్మికతను కొలిచే ప్రమాణం), ఎగువన ఎంతో దిగువన ఎంతో తెలుగులో రాసి పంచాయతీ కార్యాలయాల్లో అంటించాలి.

మత్స్యశాఖ వారికి మరొక్క మనవి. నమూనాలను ఏట్లో వల వేసే మనిషిని వెంటబెట్టుకొని, అతని ఎదుటే పట్టించండి. సంతలో కొన్న చేప ఏ కోస్తా చెరువు నుంచో ఐసుపెట్టెలో వచ్చినదైనా కావచ్చు.

— ఒక విశ్రాంత రసాయనశాస్త్ర అధ్యాపకుడు,
వేంపల్లె, కడప జిల్లా