అది గోల కాదు, ఆర్తనాదం

సంపాదకులకు నమస్కారం.

మొన్న ఆర్కెస్ట్రా కచేరీకి వెళ్లాను. ముప్పై ఏళ్లు పిల్లలకు చరిత్ర చెప్పినదాన్ని, పాశ్చాత్య సంగీతం అంతగా తెలియదు. పోలండ్ స్వరకర్త పెండెరెట్‌స్కీ హిరోషిమా అణుబాంబు మృతులకు అంకితం చేసిన విలాపగీతం మొదలైంది. 52 తంత్రీవాద్యాలు, రాగం లేదు, తాళం లేదు. తమ వాద్యంలో ఎంత పైస్వరం పలికితే అంత పైస్వరం పట్టుకున్నారందరూ. నా ఎదురుగా చెల్లో వాయిస్తున్న అమ్మాయి వాద్యం చెక్క మీద చేత్తో తట్టింది. నాకు ఒళ్లు జలదరించింది.

వెనక వరుసలో ఇద్దరు ‘ఇదేం గోల’ అంటూ లేచి వెళ్లిపోయారు. వాళ్లను తప్పుపట్టను. నిర్వాహకులు చేతికిచ్చిన కాగితంలో పేర్లు, నిమిషాలు తప్ప మరేమీ లేవు. తర్వాత రష్యన్ స్వరకర్త షోస్తకోవిచ్ ఏడో సింఫనీ. దాన్ని 1942 ఆగస్టు 9న, జర్మన్ సేనల ముట్టడిలో ఉన్న రష్యా నగరం లెనిన్‌గ్రాడ్‌లోనే, ఆకలితో చిక్కి శల్యమైన వాద్యకారులు వాయించారు. లౌడ్‌స్పీకర్లలో ఊరంతా విన్నది. ఆ ముక్క కూడా ఎవరూ చెప్పలేదు.

ఇలాంటి కచేరీల్లో ప్రతి కృతికీ ముందు ఎవరైనా రెండు నిమిషాలు మైకు పట్టుకుని ఆనాడు ఏం జరిగిందో చెప్పాలని నిర్వాహకులను వేడుకుంటున్నాను.

– ఒక విశ్రాంత చరిత్ర ఉపాధ్యాయురాలు