స్కాన్ చదవడం వస్తే చాలదు, వైద్యమూ నేర్పాలి

ఎడిటర్ గారికి,

హైదరాబాద్‌లో పెట్ స్కాన్ తీయించుకోవడం ఇప్పుడు పెద్ద విషయం కాదు. పొద్దున పరగడుపున వెళ్తే సాయంత్రానికి ఇంట్లో ఉంటాం. అదే న్యూక్లియర్ మెడిసిన్‌లో, అంటే రేడియోధార్మిక పదార్థాలతో స్కాన్లూ వైద్యమూ చేసే ఈ విభాగంలో, మందుతో వైద్యం కావాలంటే మాత్రం రోగి తిప్పలు దేవుడికెరుక.

మా ఆవిడకు థైరాయిడ్ క్యాన్సర్. ఆపరేషన్‌కు తేదీ తొందరగానే దొరికింది. ఆ తర్వాత ఇవ్వాల్సిన రేడియో అయోడిన్‌కే (మిగిలిన థైరాయిడ్ కణాలను రేడియేషన్‌తో చంపే మందు) పడక దొరకలేదు. దానికి ముందు కొన్ని వారాలు థైరాయిడ్ మాత్ర ఆపమంటారు, అయోడిన్ కలిపిన ఉప్పు మానమంటారు. షాపుల్లో ఎక్కువగా దొరికేది ఆ ఉప్పే, అది వేరే కథ. మాత్ర ఆపితే మనిషికి ఒళ్లంతా బరువు, చలి, నీరసం. ఇవన్నీ పడ్డాక "పడక ఖాళీ కాలేదు, వాయిదా వేశాం" అని ఫోను. మళ్లీ మాత్రలు, మళ్లీ ఆపడం. చివరికి వైద్యం చేసిన డాక్టరు గారు ఎంతో ఓపికగా మాట్లాడారు గానీ, మధ్యాహ్నానికి ఇంకో ఆసుపత్రిలో స్కాన్లు చూడాలని పరుగు. ఆయన వెంట పని నేర్చుకునే పీజీ విద్యార్థి ఒక్కరూ లేరు.

నేను అణుశక్తి శాఖ కింద ఉండే ఈసీఐఎల్‌లో రేడియేషన్ మీటర్లు కాలిబ్రేట్ చేసే పనిలో ఉండి రిటైరయ్యాను. కాబట్టి చిక్కు ఎక్కడుందో కొంత తెలుసు. పెట్ స్కాన్‌లో ఎక్కువగా వాడే ఫ్లోరిన్-18 రేడియేషన్ 110 నిమిషాలకే సగమైపోతుంది. వైద్యానికి ఇచ్చే అయోడిన్-131 సగం కావడానికి ఎనిమిది రోజులు పడుతుంది. అందులో చాలా భాగం రోగి మూత్రంలోనే బయటికి వస్తుంది. అందుకే పెద్ద డోసు ఇచ్చినప్పుడు మందపాటి గోడల మధ్య విడిగా గది ఉండాలి. ఆ బాత్రూం నీళ్లు మామూలు డ్రైనేజీలో కలవకూడదు, రేడియేషన్ తగ్గేదాకా వేరే ట్యాంకుల్లో నిలవ ఉంచాలి. ఇవి లేకపోతే అణుశక్తి నియంత్రణ మండలి అనుమతి రాదు. యాజమాన్యాలకు ఇదంతా తలనొప్పి. స్కానర్ కొంటారు, వార్డు జోలికి పోరు.

అలాంటి చోట శిక్షణ పొందిన పీజీ మూడేళ్లకు రిపోర్టులు బ్రహ్మాండంగా రాస్తాడు. కానీ ప్రోస్టేట్ క్యాన్సర్ రోగికి ముందు గాలియం-68 అనే రేడియోధార్మిక పదార్థంతో స్కాన్ చేసి, కణితి ఆ మందును పట్టుకుంటోందో లేదో చూసి, అప్పుడు క్యాన్సర్ కణాలను రేడియేషన్‌తో చంపే లుటీషియం-177 ఇవ్వాలా వద్దా అని తేల్చడం, కిడ్నీలు, రక్తకణాలు తట్టుకుంటాయో లేదో కనిపెట్టుకుని ఉండడం పుస్తకంలో చదివితే వస్తుందా? అయోడిన్ తీసుకున్న అమ్మాయికి గర్భం ఎన్నాళ్లు వాయిదా వేసుకోవాలో, తాతకు మనవణ్ణి ఎప్పుడు ఎత్తుకోవచ్చో భయపెట్టకుండా చెప్పడం కూడా రోగి దగ్గర నిలబడి నేర్చుకోవాల్సిందే. మా ఆవిడ అడిగిన మొదటి ప్రశ్న క్యాన్సర్ గురించి కాదు, మనవడి గురించే.

ముంబైలో రేడియేషన్ మెడిసిన్ సెంటర్ 1963లోనే మొదలైంది. పదేళ్లకు అక్కడ డాక్టర్లకు డిప్లొమా కూడా పెట్టారు. మన దగ్గర 1967 నుంచి ఈసీఐఎల్, 1971 నుంచి అణు ఇంధనం తయారుచేసే ఎన్‌ఎఫ్‌సీ ఉన్నాయి. దేశంలోని భారజల రియాక్టర్లకు ఇంధనం మౌలాలి పక్క నుంచి వెళ్తుంది. ఇంత అణు పరిజ్ఞానం ఉన్న ఊళ్లో అయోడిన్ పడక కోసం ఎదురుచూడాల్సి రావడం నాకు మింగుడుపడదు.

పిల్లలకూ ఈ బ్రాంచి మీద భయమే. మా మేనల్లుడు నీట్ పీజీ కౌన్సెలింగ్‌లో దీన్ని ఆప్షన్‌గా పెడతానంటే ఇంట్లో పెద్దలు "రేడియేషన్‌లో పనిచేస్తే పిల్లలు పుట్టరు" అని టెన్షన్ పెట్టారు. నేను సర్వీసంతా ఛాతీకి రేడియేషన్ కొలిచే బ్యాడ్జీ పెట్టుకుని తిరిగినవాణ్ణి. మాకు ఇద్దరు పిల్లలు. మన దేశంలో ఇలాంటి ఉద్యోగికి ఏ ఒక్క ఏడాదిలోనూ ఒంటికి తగిలే రేడియేషన్ 30 మిల్లీసీవర్ట్‌లు (దాని కొలమానం) దాటకూడదని, ఐదేళ్ల సగటు 20 మించకూడదని నిబంధన. క్రమం తప్పకుండా లెక్క చూస్తారు. ఇంత లెక్క ఉండే ఉద్యోగాలు మరెన్ని ఉన్నాయి?

గోషామహల్‌లో ఉస్మానియా కొత్త ఆసుపత్రికి 2025 జనవరిలో శంకుస్థాపన చేశారు. ప్రభుత్వ టిమ్స్ ఆసుపత్రులూ ఉన్నాయి. వీటిలో ఒక్కచోటైనా అయోడిన్, లుటీషియం వైద్యానికి వార్డు పెట్టి, దానికి జోడించి పీజీ సీట్లు అడగాలి. భవనం లేచాక నేల తవ్వి ట్యాంకులు దించడం, గోడలు మందం చేయడం ఎంత ఖర్చో ఇంజినీర్లకు నేను చెప్పనక్కర్లేదు. డాక్టర్లతో పాటు మెడికల్ ఫిజిసిస్ట్, రేడియేషన్ సేఫ్టీ ఆఫీసర్, టెక్నాలజిస్టు పోస్టులు కూడా అదే జీవోలో మంజూరు చేయాలి. ప్లాన్‌లో ఈ వార్డు ఇప్పటికే ఉంటే వైద్య విద్య అధికారులు మీ పత్రిక ద్వారానే ఆ మాట చెప్పమని కోరుతున్నాను.

– ఒక విశ్రాంత ఉద్యోగి, ఏఎస్ రావు నగర్, హైదరాబాద్